పరుల పొగ, ఫారోవారి కంచము

ఉత్తర అట్లాంటిక్ సముద్రమున ఫారో దీవులని 18 దీవులు గలవు. డెన్మార్కు రాజ్యమున నుండియే 1948లో స్వపరిపాలనము బడసిన చిన్నజాతి వారిది. పంటకు చాలని యా నేలపై వారిని శతాబ్దములుగ బ్రతికించినది సముద్రము. అందును పైలట్ తిమింగలపు మాంసము. ఆ వేటను మనము మెచ్చనక్కరలేదు. కాని తాతలనాటి యన్నమును విషమని తామే చెప్పుకొనవలసి వచ్చిన వారి దైన్యమును, పరుల చేతలకు ఫల మనుభవించిన మనకంటె నెవ్వరు బాగుగ గ్రహింపగలరు?

1986, 1987 సంవత్సరములలో అచ్చట పుట్టిన వేయిమంది శిశువుల బొడ్డుత్రాటి రక్తమున పాదరసమును వైద్యులు కొలిచిరి. ఏడవయేట ఆ పిల్లలనే మరల పరీక్షించిరి. గర్భమున నెక్కువ పాదరసము సోకినవారికి భాష, జ్ఞాపకము, అవధానము కొంత కొరవడినవని 1997లో ప్రకటించిరి. 2008లో ఆ దేశపు ప్రధాన వైద్యాధికారియు, పరిశోధకుడగు పాల్ వైహెయు, ఆ మాంసము మనుష్యుల యాహారమునకు తగదని తమ ప్రజలకు విన్నవించిరి.

ఆ పాదరసములో నధికభాగము ఫారోవారు పుట్టించినది కాదు. బొగ్గు కాల్చు పొగగొట్టములనుండియు, బంగారము తీయు తావులనుండియు లేచి, గాలిలో ఖండములు దాటి, నీట పడి, సూక్ష్మజీవులచే మిథైల్ పాదరసముగ మారును. చిన్నప్రాణినుండి పెద్దప్రాణికి, తుదకు తిమింగలమునకు, మెట్టుమెట్టునకు చిక్కబడును.

తిమింగలమును, డాల్ఫినును మనవలెనే ఊపిరి పీల్చి, పిల్లకు పాలిచ్చు జీవములు. వాని కాలేయము పాదరసమును సెలీనియముతో బంధించి, కొంత నిర్విషము గావించి, సన్నని కణములుగ దాచుకొనును. ఈ రక్షణకును హద్దు గలదు. ఇంగ్లండు, వేల్సు తీరములకు కొట్టుకొనివచ్చిన పోర్పాయిసులను కోసి చూడగా, దెబ్బతగిలి చచ్చినవానికంటె అంటురోగములచే చచ్చినవాని కాలేయములందు పాదరస మెక్కువగ నుండెనని 2001లో వెల్లడియైనది. రోగమున చిక్కిపోవుటచేతనే ఆ పాలు పెరిగెనేమోయని శంకింపవచ్చును. శంకకు తావున్నదని సాక్ష్యమును త్రోసివేయ వీలులేదు.

ఇక మన మాట. 1956లో పాదరసవ్యాధి బయటపడిన జపానుపట్టణము మినమాతా పేర నేర్పడిన యంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము 2018లో ధ్రువపరచినది. బొగ్గు విద్యుత్కేంద్రముల పొగలో పాదరసమునకు కేంద్రప్రభుత్వము 2015లోనే హద్దు విధించినది. సింహాద్రిలోను, కృష్ణపట్టణములోను బొగ్గు మండునది మన తీరముననే. పరులు మనలను దోచిరని చెప్పుట కలవాటుపడిన నోటితో, మన పొగయు పరుల కంచమున పడునని యొప్పుకొనుట కష్టమే. ఒప్పుకొనక తప్పదు.

ప్రతి కేంద్రపు పొగలోని పాదరసపు కొలత నెలనెలయు తెలుగున ప్రకటింపబడవలెను. తీరమునకు కొట్టుకొనివచ్చు డాల్ఫినులను ఇసుకలో పూడ్చుటకు ముందు కాలేయపు ముక్క తప్పక పరీక్షకు పోవలెను. కళేబరమును మొదట చూచువారు జాలరులు. వారు వండుకొను చేపయు, ఆ డాల్ఫిను తిన్న చేపయు నొక్క నీటివే. కావున పరీక్షాఫలితమును మొదట వారి పల్లెకే తెలుపవలెను.