కొట్లో పిల్లి కొలువు

పొద్దున్నే బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురైతే, వెనక్కొచ్చి కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి మరీ కదిలేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. చిల్లర కొట్టు యజమానికి ఆ పట్టింపు కుదరదు. తలుపు తీయగానే ఆయనకు మొదట ఎదురొచ్చేది పిల్లే!

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని వరికుంటపాడులాంటి ఊళ్లలో చిల్లర కొట్టంటే బియ్యం, కందిపప్పు, బెల్లం, తవుడు అన్నీ ఒక కప్పు కిందే. ఎలుకకు ఇంకేం కావాలి? అది తినేది గుప్పెడే, పాడుచేసేది బస్తా. గోనె కొరికేస్తుంది. గింజల్లో పెంటికలు వేస్తుంది. అందుకే పిల్లికి అక్కడ కొలువు.

చూడ్డానికి మాత్రం అదేమీ పనిచేస్తున్నట్టుండదు. పగలంతా బస్తాల మీద కునుకే. పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది మరి. దాని డ్యూటీ ఎక్కువగా మునిమాపున, తెల్లవారుజామున.

ఇంతకీ ఎన్ని ఎలుకల్ని పడుతుంది? న్యూయార్క్‌లోని ఓ చెత్త రీసైక్లింగ్ కేంద్రంలో పరిశోధకులు 79 రోజులపాటు కెమెరాలతో గమనించారు. 2018లో వెలువడిన ఫలితం ప్రకారం పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు రెండంటే రెండే! అయితే పిల్లులు తిరిగే రోజుల్లో ఎలుకలు బయటికి రావడమే తగ్గించాయి. బీటు కానిస్టేబుల్ లాఠీ ఎత్తకపోయినా వీధి సద్దుమణిగినట్టన్నమాట. చిట్టెలుకల్ని ఎటూ వదలదు. పందికొక్కుతో పోరాడమంటే మాత్రం కష్టం.

మరి జీతం? 1868లో లండన్ తపాలా శాఖ మనియార్డర్ కార్యాలయం మూడు పిల్లులకు కలిపి వారానికి ఒక షిల్లింగు మంజూరు చేసింది. మిగతా తిండి ఎలుకల్లోనే వెతుక్కోవాలని షరతు! మన దగ్గరా కడుపు నిండితే వేటాడదని పిల్లిని పస్తుంచేవాళ్లున్నారు. అది అపోహ. తిండి పెట్టిన పిల్లి కూడా వేటాడుతుంది. పెరుగన్నం ఒక్కటే దానికి చాలదు. పిల్లికి టారిన్ అనే పోషకం తప్పనిసరి. అది ప్రధానంగా మాంసం, చేపల్లో దొరుకుతుంది. లేకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి.

అసలు ముప్పు ఎలుకల మందుతో. రక్తం గడ్డకట్టనివ్వని మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది. అలాంటిది పిల్లికి తేలిగ్గా చిక్కుతుంది. దాంతో ఆ విషం పిల్లి ఒంట్లోకీ చేరుతుంది. తన పని తాను చేసినందుకు ప్రాణాలే పోవచ్చు.

కాబట్టి కొట్లో పిల్లి ఉంటే మందు పెట్టకండి. బోను పెట్టండి, కన్నాలు పూడ్చండి, విడి సరుకులకు మూతలుంచండి. పశువైద్యుణ్ని అడిగి రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. రాత్రంతా సరుకు కాసేదానికి ఆ మాత్రం చేయడం ధర్మం కాదు, బాకీ.