ఇది కేరళ కాదు, మన కోనసీమే.. కానీ ఓడ దిగిన టూరిస్టు డిండి దాకా రాగలడా?

డ్రోన్ షాట్. కింద గోదావరి, అటూ ఇటూ కొబ్బరి చెట్లు, మధ్యలో మెల్లగా వెళ్తున్న హౌస్‌బోటు. పైన పెద్ద అక్షరాలతో 'ఇది కేరళ అనుకున్నారా? కాదు.. కోనసీమ!' అనే క్యాప్షన్. సంక్రాంతి వచ్చిందంటే మన ఫోన్లలో ఈ వీడియో ఏదో ఒక రూపంలో తిరగాల్సిందే. కింద కామెంట్లలో అందరిదీ ఒకటే మాట.. 'కేరళకి ఓడల్లో ఫారినర్లు వస్తారు, మనకెందుకు రారు?'

ప్రశ్న మంచిదే. విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ కట్టాక ఈ ప్రశ్నకు బలం కూడా వచ్చింది. అయితే సమాధానం అందంలో లేదు. గడియారంలో ఉంది, నదిలో ఉంది. అదెలాగో చూద్దాం.

విశాఖకు ఓడ వచ్చింది.. మరి కోనసీమకు?

2022 జూన్‌లో 'కార్డీలియా ఎంప్రెస్' క్రూయిజ్ నౌక విశాఖ పోర్టుకు వచ్చినప్పుడు ఎంత సందడి జరిగిందో గుర్తుందిగా. ఆ తర్వాత 2023 సెప్టెంబర్‌లో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అంటే పెద్ద ఓడ ఆగడానికి మన రాష్ట్రంలో ఒక చోటు దొరికినట్టే.

క్రూయిజ్ ఓడల్లో 'షోర్ ఎక్స్‌కర్షన్' అని ఒకటుంటుంది. ఓడ పొద్దున్నే రేవులో ఆగుతుంది. ప్రయాణికులు దిగి, బస్సెక్కి, దగ్గర్లోని ఊరో గుడో చూసుకుని సాయంత్రం ఓడ కదిలేలోగా వెనక్కి రావాలి. లేటైతే ఓడ ఆగదు. అందుకే ఈ టూర్లన్నీ టైం లెక్క మీదే నడుస్తాయి.

లెక్క వేస్తే తేలేది ఇదీ

ఓడ పొద్దున 7 గంటలకు ఆగి సాయంత్రం 6కి కదులుతుందనుకుందాం. ఓ గంట ముందే ఎక్కేయాలి. చేతిలో ఉండేది 10 గంటలు.

కొచ్చిలో దిగినవాళ్లు అలప్పుళకు వెళ్లాలంటే దూరం 55 కిలోమీటర్లు ఉంటుంది. గంటన్నరలో చేరిపోతారు. బోటులో రెండు మూడు గంటలు తిరిగి, అక్కడే భోంచేసి, తీరిగ్గా వెనక్కి రావొచ్చు.

ఇప్పుడు మన సంగతి. విశాఖ నుంచి డిండికి రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్లు. ట్రాఫిక్ కలిసొచ్చినా వెళ్లడానికే 5 గంటలు పడుతుంది, రావడానికి ఇంకో 5. అంటే ఉన్న 10 గంటలూ బస్సులోనే సరి. హౌస్‌బోటును కిటికీలోంచి చూసి దండం పెట్టి రావాల్సిందే!

రైల్లో వెళ్దామా అంటే కోనసీమ నడిబొడ్డుకు ఇంకా రైలే రాలేదు. కోటిపల్లి దాకా వచ్చిన లైను గౌతమి దాటాలి, అమలాపురం మీదుగా నర్సాపురం చేరాలి. 57 కిలోమీటర్ల ఈ మార్గం కోసం అమలాపురం, రాజోలు జనం రెండు దశాబ్దాలకు పైగా ఎదురు చూస్తూనే ఉన్నారు.

కాకినాడ వైపు చూస్తే?

మ్యాప్‌లో కాకినాడ మీద వేలు పెట్టి చూడండి. అక్కడి నుంచి యానాం మీదుగా గౌతమి వంతెన దాటితే ఎదుర్లంక. అక్కడితో కోనసీమ మొదలు. దూరం 40 కిలోమీటర్ల లోపే. దారిలోనే కోరంగి మడ అడవులు కూడా ఉన్నాయి. అంటే కొచ్చి - అలప్పుళ కంటే ఇది దగ్గర!

కానీ చిక్కేంటంటే కాకినాడ సరుకుల రేవు. క్రూయిజ్ టెర్మినల్ లేదు. హౌస్‌బోట్లేమో కోనసీమకు ఆ చివర, వశిష్ఠ ఒడ్డున డిండిలో ఉన్నాయి. కాకినాడ నుంచి డిండికి ఇంకా 100 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఓడలు ఆగేది ఒక చోట, బోట్లు తిరిగేది ఇంకో చోట. ఈ రెండూ కలవనంత కాలం 'ఓడ దిగితే కోనసీమ' అనేది క్యాప్షన్‌గానే మిగిలిపోతుంది.

కేరళలో నిలకడ నీళ్లు.. మనది గోదారి

ఇది అన్నిటికన్నా పెద్ద తేడా. అలప్పుళ బోట్లు తిరిగేది వెంబనాడ్ సరస్సులో, దానికి కలిసే కాలువల్లో. డిండిలో బోటు తిరిగేది నదిలో, అదీ సముద్రానికి దగ్గరగా. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది కాబట్టి ఇక్కడ పోటు, ఆటు రెండూ ఉంటాయి. జులై వచ్చిందంటే వరద భయం సరేసరి.

2022 జులైలో ఏం జరిగిందో లంక గ్రామాల వాళ్లను అడగండి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు కిందికి వదిలారు. లంకల్లో ఇళ్లే మునిగినప్పుడు హౌస్‌బోటు మాట ఎవరెత్తుతారు?

అంటే మన సీజన్ వరదలు తగ్గాక మొదలై ఎండలు ముదిరే దాకానే. ఏడాదిలో నాలుగైదు నెలలు. మిగతా రోజుల్లో బోటు మీద పెట్టిన డబ్బు, దాని మీద బతికే వంటవాళ్లు, సరంగులు ఒడ్డునే ఉంటారు. ఈ లెక్క వేయకుండా 'కేరళలో వెయ్యి బోట్లున్నాయి, మనమూ దించేద్దాం' అంటే కుదరదు.

కచ్చులూరును మర్చిపోతే ఎలా?

2019 సెప్టెంబర్ 15. పాపికొండలకు బయల్దేరిన 'రాయల్ వశిష్ఠ పున్నమి' బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. బోటులో 77 మంది ఉంటే ప్రాణాలతో బయటపడింది 26 మందే. అక్టోబర్ 22న ధర్మాడి సత్యం బృందం బోటును పైకి లాగే దాకా రాష్ట్రమంతా టీవీలకు అతుక్కుపోయింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ రోజు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షలకు. అంటే ఊళ్లకు ప్రమాదం లేని నీళ్లలోనే బోటుకు ప్రమాదం వచ్చింది. ఊళ్ల కోసం పెట్టిన హెచ్చరిక బోట్లకు సరిపోదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్తారు? బోట్లు ఎంత నీటికి ఆపాలో వేరే లెక్క ఉండాలి. ఆ నంబరు టికెట్ కౌంటర్ దగ్గర బోర్డు మీద అందరికీ కనపడాలి.

కోనసీమకు సొంత గాయం కూడా ఉంది. 2018 జులైలో పశువుల్లంక దగ్గర నాటు పడవ మునిగి బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలు కొట్టుకుపోయారు. టూరిస్టు కోసం లైఫ్ జాకెట్ సిద్ధంగా పెట్టే రేవులోనే లంకకు వెళ్లే పిల్లకీ జాకెట్ ఉండాలి కదా!

ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021లో కొత్తగా వచ్చింది. రిజిస్ట్రేషన్, తనిఖీ, సిబ్బందికి సర్టిఫికెట్, ఇన్సూరెన్స్.. అన్నీ అందులో ఉన్నాయి. కేరళలోనూ చట్టాలకు కొదవ లేదు. అయినా 2023 మేలో తానూర్‌లో పరిమితికి మించి ఎక్కించిన బోటు మునిగి 22 మంది చనిపోయారు. చట్టం కాగితం మీద కాదు, రేవు దగ్గర పని చేయాలి.

ఫ్రేమ్‌లో ఉన్న కొబ్బరి చెట్టు సంగతేంటి?

హౌస్‌బోటు ఎక్కేవాడు చూడటానికి వచ్చేది దేన్ని? కొబ్బరి తోటల్నే కదా. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి ఉప్పునీరు చేరి కొబ్బరి చెట్లు తలలు వాల్చేస్తున్నాయి. మొవ్వు ఎండి మొండాలుగా నిలబడ్డ తోటల్ని చూసి రైతులు కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. డిండి ఉన్నది ఆ పక్కనే. డ్రెయిన్ బాగు చేయడం రైతు సమస్య, హౌస్‌బోటు టూరిజం శాఖ సమస్య అని విడదీస్తే రెండూ పోతాయి.

పైగా బోటులోంచి వచ్చే మురుగు ఎక్కడికి పోతుంది? వెంబనాడ్ సరస్సు ఇప్పుడు ఈ సమస్యతోనే సతమతమవుతోంది. మన దగ్గర బోట్లు ఇంకా కొన్నే. నియమం పెట్టాలంటే ఇదే టైం. బోట్లు వందలు దాటాక పెడితే ఎవరూ వినరు.

మరి దారేంటి?

ఒకటి, ఓడ ఆగే రోజు కాకుండా ఓడ ఎక్కే ముందు రోజులు చూడాలి. విశాఖలో క్రూయిజ్ ఎక్కేవాళ్లకు ముందే రెండు రాత్రుల కోనసీమ ప్యాకేజీ ఇస్తే దూరం సమస్యే కాదు. ఆత్రేయపురం పూతరేకులు, బండారులంక చీరలు, అంతర్వేది, అప్పనపల్లి.. రాత్రి ఉన్న టూరిస్టే ఊళ్లో డబ్బు ఖర్చు పెడతాడు. పగలొచ్చి పగలే పోయేవాడు తిండి కూడా ఓడలోనే తింటాడు.

రెండు, గౌతమి వైపు ఎదుర్లంక, మురమళ్ల దగ్గర బోటు రేవుల గురించి ఆలోచించాలి. రేపు కాకినాడకు చిన్న క్రూయిజ్ వచ్చినా అందేది అదే.

మూడు, కాలువలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువల మీదే ధాన్యం, కొబ్బరి పడవల్లో వెళ్లేవి. లాకులు ఇప్పటికీ ఉన్నాయి. ధాన్యం మోసిన కెట్టువళ్లాలే కేరళలో హౌస్‌బోట్లయ్యాయి. మన పడవలు మాత్రం లారీలొచ్చాక మాయమైపోయాయి. గుర్రపుడెక్క తీసి, నాలుగైదు కిలోమీటర్లలో చిన్న పడవలు తిప్పినా నది కంటే సురక్షితం, ఖర్చూ తక్కువ.

రాష్ట్రం టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. జనం ఎలాగూ వస్తారు. వాళ్లు ఎక్కే బోటు ఎన్ని క్యూసెక్కుల దగ్గర ఆగుతుందో ఇప్పుడే తేల్చాలి. కోనసీమ కేరళ కానక్కర్లేదు. కోనసీమలా ఉంటూ, ఎక్కినవాళ్లందర్నీ క్షేమంగా దించితే చాలు.

ఈసారి డిండి వెళ్తే సెల్ఫీకి ముందు ఒక్క ప్రశ్న అడగండి.. 'ఈ బోటుకు చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది?' సమాధానం వచ్చాకే ఎక్కండి.