మండీకి తోలే ముందు ఇంటి వాటా తీసిపెట్టండి

తెల్లారక ముందే మదనపల్లె టమోటా మండీకి బండ్లు వచ్చి నిలబడతాయి. ఇక్కడ వేలం పాడిన కాయ ఎక్కడెక్కడి ఊళ్ళకో పోతుంది. పుంగనూరు పక్క పల్లెల్లో పొద్దున, సాయంత్రం పాల క్యాన్లు కేంద్రం ముందు వరసగా ఉంటాయి. కుప్పం నుంచి కూరగాయలు, పూలు అటు కర్ణాటకకు, ఇటు తమిళనాడుకు తరలిపోతాయి. మన పడమటి మండలాల రైతు మూడు రాష్ట్రాల జనానికి తిండి పెడుతున్నాడంటే అబద్ధం కాదు.

మరి ఆ రైతు ఇంట్లో పళ్ళెంలో ఏముంది? ఒక్కసారి మీ ఇంటి పళ్ళెం గుర్తు చేసుకోండి. నిండా తెల్లన్నం, దాని మీద పల్చటి చారు, పక్కన ఊరగాయ. పొద్దున టీ, బన్ను. మధ్యాహ్నం అన్నం. రాత్రి మళ్ళీ అదే అన్నం. పాలు పిండిన ఇంట్లో పిల్లోడికి గ్లాసు పాలు లేవు. గుడ్లు పెట్టే కోళ్ళున్న ఇంట్లో బాలింతకు గుడ్డు లేదు. కాయగూరలు పండే చేను గట్టున ఉండే ఇంట్లో కూరకు కరువు. మంచి కాయ మండీకి పోతుంది, పగిలింది, పుచ్చింది ఇంటికి వస్తుంది.

ఇది పేదరికం ఒక్కటే కాదు, అలవాటు కూడా. 'ఇంట్లో తింటే ఏమొస్తుంది, అమ్మితే డబ్బులొస్తాయి' అన్న లెక్క మనకు పట్టుకుంది. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సంగటి ఎందుకు పోయింది?

మన తాతల కాలంలో ఈ మెట్ట నేలలో రాగులే ప్రధానం. సంగటి ముద్ద, ఎనిపిన ఆకు, ఉలవచారు, చెనక్కాయల ఊరుబిండి, మజ్జిగ. వరన్నం పండగలకు, చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆ బియ్యం పేదవాడి ఆకలి తీర్చింది, ఆ మేలు మరిచిపోకూడదు. కరువు సంవత్సరాల్లో పొయ్యి వెలిగిందంటే దానివల్లే. అయితే దాంతోపాటు ఇంకో మార్పు వచ్చింది. బియ్యం చవగ్గా దొరికేటప్పుడు రాగులు విత్తడమెందుకు, విసరడమెందుకు అనుకున్నాం. సంగటి తినడం నామోషీ అయింది. రాగి చేలు చెనక్కాయకు, ఆ తర్వాత బోర్ల కింద టమోటాకు, మల్బరీకి పోయాయి.

తప్పు బియ్యానిది కాదు. పళ్ళెం నిండా బియ్యం ఒక్కటే ఉండడం తప్పు. రేషన్ బియ్యంలో అక్కడక్కడ తేడాగా కనిపించే గింజలను చూసి 'ప్లాస్టిక్ బియ్యం' అని భయపడి ఏరి పారేసేవాళ్ళున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి తయారు చేసిన గింజలు. అట్లాంటివి కనబడితే పారేయకండి, కలిపే వండండి.

రాగుల్లో ఏముంది, ఏం లేదు?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో సున్నం, అంటే కాల్షియం, సుమారు 364 మిల్లీగ్రాములు ఉంది. మామూలు పాలిష్ బియ్యంలో ఎనిమిది మిల్లీగ్రాములు కూడా లేదు. పీచు రాగుల్లో 11 గ్రాములు, బియ్యంలో మూడు గ్రాముల లోపు. ఇనుము రాగుల్లో నాలుగున్నర మిల్లీగ్రాముల పైన, బియ్యంలో ఒకటి కన్నా తక్కువ. ఎదిగే పిల్లలకు, పాలిచ్చే తల్లులకు, ఎముకలు అరిగే వయసు వాళ్ళకు ఈ తేడా చిన్నది కాదు.

అట్లాగని రాగులు సర్వరోగ నివారిణి కాదు. మాంసకృత్తులు బియ్యంలోనూ, రాగుల్లోనూ దగ్గర దగ్గర ఒకటే, నూటికి ఏడెనిమిది గ్రాములు. అందువల్ల సంగటి ఒక్కటే తింటే చాలదు, పక్కన పప్పో, ఉలవలో, గుడ్డో ఉండాలి. రాగుల్లో ఉండే ఇనుమంతా ఒంటికి పట్టదు కూడా. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ లాంటి పులుపు, పండు తోడుంటే బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టేది కూడా పోతుంది. అందుకే అన్నానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి విసరుకుంటే ఇంకా మంచిది.

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఒక మాట. 'సంగటి తింటే షుగర్ రాదు' అని రెండు పెద్ద ముద్దలు మింగేవాళ్ళున్నారు. మెత్తగా విసిరిన పిండి కూడా చక్కెరను పెంచుతుంది, జావలో బెల్లం వేస్తే చెప్పనక్కర లేదు. ముద్ద చిన్నది చేయండి, ఆకు, పప్పు పెద్దది చేయండి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా మానొద్దు.

జబ్బులు పట్నానివే అనుకోవద్దు

చక్కెర జబ్బు కూర్చుని తినేవాళ్ళ జబ్బని ఒకప్పుడు అనుకునేవాళ్ళం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వేలో దేశంలో పెద్దవాళ్ళలో నూటికి పదకొండు మందికి పైగా ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. పల్లెల్లో చూసినా నూటికి తొమ్మిది మంది దాకా ఉన్నారు. ట్రాక్టర్లు, మోటార్లు వచ్చాక ఒళ్ళు వంచే పని తగ్గింది, పళ్ళెంలో అన్నం మాత్రం తగ్గలేదు.

ఇంకోవైపు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువ. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 63 మందికి తక్కువ. ఈ లెక్క చదివి పక్కన పెట్టకండి. మీ ఇంట్లో కలుపు తీసేది ఎవరు? టమోటా కోసేది ఎవరు? పేడ ఎత్తి, పాలు పిండేది ఎవరు? ఆమె అందరికీ పెట్టి చివర తింటుంది. అప్పటికి కూర అడుగంటి ఉంటుంది. చారు నీళ్ళతో నాలుగు ముద్దలు తిని లేస్తుంది. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగితే 'ఎండ దెబ్బ' అంటాం. అది చాలాసార్లు ఎండ దెబ్బ కాదు, తిండి దెబ్బ. ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చుని తినే అలవాటు చేసుకుంటే ఖర్చు లేకుండా సగం సమస్య తీరుతుంది.

తిండికీ జబ్బుకీ ఉన్న సంబంధం మదనపల్లెకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1915లోనే ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆస్పత్రి పెట్టారు. క్షయకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనుగొన్నారు. అది వచ్చేదాకా మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండే ఆ జబ్బుకు వైద్యం. ఈ రోజు మందులు వచ్చాయి, అవి తప్పనిసరి. అయినా బక్కచిక్కిన ఒంటికి క్షయ తొందరగా పట్టుకుంటుంది, తొందరగా వదలదు.

ఎంత తినాలి? ఎంత భూమి కావాలి?

పోషకాహార సంస్థ 2024లో కొత్త సూచనలు ఇచ్చింది. మామూలు మనిషికి రోజుకు గింజ ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, చెనక్కాయల లాంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండాలని చెప్పింది. ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదు. చేలో కష్టం చేసేవాళ్ళకు గింజలు ఇంకొంచెం ఎక్కువ కావాలి. మనం చేసేది దీనికి తలకిందులు. అన్నం అర కిలో, కూర గరిటెడు.

ఇంత తినాలంటే ఎక్కడ కుదురుతుంది అంటారా? లెక్క వేద్దాం. నలుగురున్న ఇంట్లో గింజల్లో సగం రాగులు అనుకుంటే మనిషికి 125 గ్రాములు. ఏడాదికి 182 కిలోలు. వానాధారంగా ఎకరాకు ఆరు క్వింటాళ్ళే వస్తాయనుకున్నా ముప్పై సెంట్లు చాలు. టమోటాకు పెట్టినంత పెట్టుబడి అక్కర లేదు, వందల అడుగుల లోతు బోరు అక్కర లేదు. మన ప్రాంతానికి పనికొచ్చే వకుళ లాంటి రకాలు తిరుపతి దగ్గర పెరుమాళ్ళపల్లె పరిశోధన స్థానం నుంచి వచ్చాయి. విత్తనం కోసం మీ రైతు సేవా కేంద్రంలో ముందుగానే అడిగి పెట్టుకోండి. మిగిలితే అమ్ముకోవచ్చు. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. గడ్డి పశువులకు లాభం.

ఆ రాగి చేలోనే నాలుగు సాళ్ళు అనుములు, అలసందలు, కంది వేయండి. పప్పు కొనే పని సగం తగ్గుతుంది. సంక్రాంతి నాటికి అనపకాయలు వస్తాయి. మన పితికిపప్పు కూర ముందు ఏ హోటలు కూరైనా దిగదుడుపే. ఉలవలు మనకు పశువుల దాణాగానే గుర్తుంటాయి. వాటిలో నూటికి ఇరవై గ్రాముల పైన మాంసకృత్తులున్నాయి. ఎద్దుకు బలమిచ్చేది మనిషికి ఇవ్వదా?

బోరు దగ్గర, పెరట్లో ఐదు సెంట్లు ఇంటి కూరలకు వదలండి. తోటకూర, గోంగూర, బీర, చిక్కుడు, వంగ. గట్టు మీద ఒక మునగ, ఒక బొప్పాయి, ఒక జామ, ఒక నిమ్మ. చేలో కలుపుగా పీకి పారేసే చెంచలాకు, దొగ్గలాకు, గురుగాకు కూడా తిండే. నాలుగు రకాల ఆకులు కలిపి, పప్పు వేసి ఎనిపితే దాని రుచి పెద్దవాళ్ళను అడగండి. ఒక జాగ్రత్త. కలుపు మందు, పురుగు మందు కొట్టిన చేలో ఆకు కోయొద్దు. మందు డబ్బా మీద కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసుంటుంది, అన్ని రోజులు ఆగాల్సిందే. ఇది ఇంటికి కోసే కాయకే కాదు, మండీకి పంపే కాయకూ వర్తిస్తుంది. తినేవాడి బిడ్డ కూడా బిడ్డే. ఖాళీ మందు డబ్బాల్లో నీళ్ళు, నూనె పోసుకోవడం మాత్రం ప్రాణం మీదకు తెస్తుంది.

పాల సంగతి

ఇక్కడ మీరు నన్ను నిలదీస్తారని తెలుసు. 'పాల డబ్బుతోనే ఇల్లు గడుస్తోంది, ఆవు మీద అప్పు ఉంది, పాలు తాగేస్తే కంతు ఎవరు కడతారు?' న్యాయమైన ప్రశ్నే. టమోటా ధర మన చేతిలో లేదు. 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటింది, వేరే ఏడాదుల్లో కోత కూలి కూడా రాక రోడ్డు పక్క పారబోశాం. పదిహేను రోజులకోసారి ఖచ్చితంగా చేతికొచ్చేది పాల డబ్బే. అందుకని ఉన్నవన్నీ తాగమని చెప్పడం లేదు. పూటకు అర లీటరు ఆపండి. రోజుకు లీటరు. కాచి, తోడు పెడితే నలుగురికీ పెరుగు, మజ్జిగ వస్తుంది. ఆ లీటరుకు వచ్చే డబ్బుతో పిల్లలకు మనం కొనిపెట్టేదేమిటి? రంగు నీళ్ళ సీసా, ఉప్పు కారం పొట్లాలు. అవి ఆపితే ఈ లీటరు ఖర్చు చాలావరకు అందులోనే తేలిపోతుంది.

పుంగనూరు ఆవు పేరు ఈ రోజు దేశమంతా తెలుసు. ప్రపంచంలోని అతి పొట్టి ఆవు జాతుల్లో అదొకటి. కొద్ది మేతతో, కరువులో కూడా ఇంటికి చిక్కటి పాలిచ్చేది కాబట్టే మన పెద్దలు దాన్ని సాకారు. కేంద్రానికి పోయడానికి కాదు, ఇంట్లో పిల్లలు తాగడానికి. ఇప్పుడు అది బంగళాల ముందు ముద్దుగా పెంచే ఆవు అయింది. ఆవు పుట్టిన ఊళ్ళో పిల్లలు పాలు లేని టీ తాగుతున్నారు.

ఒక్క మాట

2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది మార్చిలో మన రాష్ట్రంలో బడి పిల్లలకు వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. పట్నాల్లో రాగి పిండి అందమైన పొట్లాల్లో బియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఉన్నవాళ్ళు డబ్బు పెట్టి కొని తింటుంటే, పండించగలిగిన మనం నామోషీ పడుతున్నాం.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. రాగుల కొనుగోలు మాట కాగితం మీద కాకుండా మండల కేంద్రంలో తూకం దగ్గర కనబడాలి. రేషన్‌లో బియ్యంతోపాటు మన ప్రాంతం రాగులు, కందిపప్పు అడిగినవాళ్ళకు అడిగినంత ఇవ్వాలి. పల్లెకొక రాగి శుభ్రం చేసే యంత్రం ఉంటే ఆడవాళ్ళ చాకిరీ తగ్గుతుంది. ఇవన్నీ గ్రామసభలో గట్టిగా అడగండి.

అయితే వాళ్ళిచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. పాతకాలంలో కళ్ళం దగ్గర గింజ లేవక ముందే ఇంటి గాదెకు, విత్తనానికి, పనివాళ్ళకు వాటా తీసేవాళ్ళు. మిగిలిందే సంతకు పోయేది. ఆ పద్ధతి టమోటాకు, పాలకు, గుడ్డుకు కూడా పెట్టుకోండి. రేపు పొద్దున బాక్సులు కట్టే ముందు నాలుగు మంచి కాయలు, పగిలినవి కాదు మంచివి, ఇంటికి పక్కన పెట్టండి. ఈ వానాకాలానికి ముప్పై సెంట్లు రాగులకు గీత గీయండి. ఆస్పత్రికి కట్టే బిల్లు ఏ మండీలోనూ తిరిగి రాదు.