సాదా దోశ ధరకే ఉప్మా దోశ!
టిఫిన్ హోటళ్లలో చిల్లర లెక్క

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: చౌక పదార్థాలు రెండు చెప్పి, వాటితో ఖరీదైన వంటకాన్ని తామే తయారు చేసుకునేవారు టిఫిన్ హోటళ్లలో తరచు కనిపిస్తుంటారు. ఇద్దరు కలిసి వస్తారు. రెండు సాదా దోశలు, ఒక ప్లేటు ఉప్మా చెబుతారు. ఉప్మాను చెరిసగం చేసి దోశల్లో చుట్టుకుంటే రెండు ఉప్మా దోశలైనట్టే. ఉత్త బిర్యానీ అన్నం తీసుకొని ఉడికిన గుడ్డు పెట్టుకుంటే అది ఎగ్ బిర్యానీ.

లెక్కకు సాదా దోశ 40 రూపాయలు, ఉప్మా దోశ 60, ప్లేటు ఉప్మా 30 అనుకుందాం. రెండు ఉప్మా దోశలకు 120 కావాలి. ఈ పద్ధతిలో 110తో సరిపోతుంది. మిగిలేది పది రూపాయలే.

దీన్ని కక్కుర్తి అని కొట్టిపారేయడం తగదు. మార్కెట్ యార్డుకు మిర్చి, ధాన్యం తెచ్చిన రైతుకు, భూపాలపల్లి సింగరేణి గనుల్లో షిఫ్టు దిగిన కాంట్రాక్టు కార్మికునికి పది రూపాయలంటే ఒక టీ ఖర్చు. పైగా ఇది మన దగ్గరి వింత కాదు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ హోటళ్లకు వెళ్లేవారు చౌకైన 'మెక్‌డబుల్'లో ఆకుకూర, ప్రత్యేక సాస్ వేయించుకొని ఖరీదైన 'బిగ్ మాక్' రుచిని పొందుతారు. అయితే అక్కడ అదనపు వస్తువుకు అదనపు ధర ఉంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మన హోటళ్లలో సాంబారు, చట్నీ ఊరికే పోస్తారు. ఒక్క వడకు మూడుసార్లు సాంబారు పోయించుకుంటే కందిపప్పు, గ్యాసు ఖర్చు ఆ వడ ధరలో రాదు. ఆ లోటు పూడ్చుకోవడానికి యజమాని దోశ సైజు తగ్గించవచ్చు, సాంబారులో నీళ్లు పోయవచ్చు, కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచవచ్చు. నూనె చెడిపోయే స్థాయికి 2018 జూలై 1 నుంచి కేంద్ర ఆహార భద్రతా సంస్థ పరిమితి విధించింది కూడా. చివరకు నష్టపోయేది అడగడం తెలియక, పెట్టింది తిని, చెప్పిన డబ్బు ఇచ్చిపోయేవాడే.

పరిష్కారం కష్టమేమీ కాదు. అదనపు ఉప్మాకు, గుడ్డుకు, రెండోసారి సాంబారుకు ఇంత అని ధరల బోర్డు మీద రాయాలి. అప్పుడు కలుపుకొని తినేవానికి మొహమాటం ఉండదు, అమ్మేవానికి నష్టం ఉండదు. గల్లా దగ్గర మాటామాటా పెరగకుండా ఉండాలంటే ఇదే దారి.