వకాలతు ఎవరికి ఇవ్వాలి?

హైదరాబాదు వంటి నగరాలలో పౌరహక్కుల కేసులు చేపట్టే వకీళ్ళు కొందరైనా ఉంటారు. చిన్న పట్టణంలో అలాంటి బోర్డు ఎక్కడా కనిపించదు. మున్సిఫ్ కోర్టు ఎదుటి వీధిలో వేలాడే బోర్డులన్నింటి మీదా ‘సివిల్ అండ్ క్రిమినల్’ అని ఒకే రకంగా రాసి ఉంటుంది. స్థలం తగాదా అయినా, చెక్కు బౌన్సు అయినా, భార్యాభర్తల వ్యాజ్యం అయినా అక్కడే. మరి అర్ధరాత్రి పోలీసులు ఇంట్లోంచి కుర్రవాణ్ణి తీసుకువెళ్ళినప్పుడు, మునిసిపాలిటీ వారు నోటీసు కూడా ఇవ్వకుండా తోపుడుబండి ఎత్తుకుపోయినప్పుడు, ఫిర్యాదు ఇస్తే స్టేషనులో తీసుకోనప్పుడు ఆ కుటుంబం ఎవరి గడప తొక్కాలి?

మనవారు సాధారణంగా మొదట తొక్కేది వకీలు గడప కాదు, కౌన్సిలరు గడప. ఆయన లేకపోతే పార్టీ నాయకుడు, ఆయనా దొరకకపోతే స్టేషనులో పరిచయం ఉన్న మధ్యవర్తి. మాకు తెలిసిన ఒక పట్టణంలో పంక్చర్ల దుకాణంలో పనిచేసే పందొమ్మిదేళ్ళ యువకుణ్ణి సోమవారం ఇషా నమాజు తర్వాత జీపు ఎక్కించుకుపోయారు. తల్లి, మేనమామ మూడు రోజులు నాయకుని ఇంటి చుట్టూ తిరిగారు. “సాబ్‌తో మాట్లాడాను, రేపు వదిలేస్తారు” అన్నదే ప్రతిరోజూ జవాబు. మధ్యలో ఒక తెల్లకాగితం మీద మేనమామ చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. గురువారం మధ్యాహ్నం అబ్బాయిని కోర్టులో హాజరుపరిచారు. ఆ రోజు ఉదయమే బస్టాండులో అరెస్టు చేసినట్టు కాగితాలు చెప్పాయి. పక్కన పోలీసులు నిలబడి ఉండగా మేజిస్ట్రేటు “ఏమైనా చెప్పుకోవాలా?” అని అడిగితే అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. రిమాండుకు పంపిన తర్వాత గాని ఇంటివారు వకీలును పెట్టుకోలేదు. ఆ వకీలు అడిగిన మొదటి ప్రశ్న, “సోమవారం రాత్రే తీసుకువెళ్ళారని చూపించే కాగితం ముక్క ఏదైనా ఉందా?” అని. లేదు. మూడు రాత్రులు ఏ రికార్డులోనూ లేకుండా పోయాయి.

ఆ తల్లిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కొడుకు బయటికి వస్తే చాలునని ఏ తల్లి అయినా అనుకుంటుంది. కాని ఇలాంటి కేసులో వకీలు చేయవలసిన అసలు పని మొదటి రోజునే ఉంటుంది. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన వ్యక్తికి కారణం చెప్పాలి, తాను ఎంచుకున్న వకీలును సంప్రదించనివ్వాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు మరికొన్ని నియమాలు విధించింది. అరెస్టు చేసిన తేదీ, సమయం రాసి మెమో తయారుచేయాలి. దాని మీద ఇంటివారిలో ఒకరు గాని, ఆ ప్రాంతపు పెద్దమనిషి గాని సాక్షి సంతకం చేయాలి. కబురు ఇంటికి చేరాలి, ఒంటి మీది దెబ్బలు నమోదు కావాలి. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ 36వ సెక్షను మెమో గురించి, 38వ సెక్షను విచారణ వేళ వకీలును కలుసుకునే హక్కు గురించి చెబుతున్నాయి. ఇవి పుస్తకంలో ఎంత బాగున్నా, ఎవరో ఒకరు రాతపూర్వకంగా అడిగితేనే ప్రాణం పోసుకుంటాయి. రాత్రి పదింటికి తీసుకువెళితే పదకొండింటికి స్టేషనుకు వెళ్ళి అడిగేవాడు, మర్నాడు ఉదయం ఎస్.పి.కి స్పీడుపోస్టు చేసి రశీదు దాచేవాడు, రిమాండు సమయంలో లేచి “అయ్యా, వైద్యపరీక్షకు పంపండి” అని మెమో దాఖలు చేసేవాడు కావాలి. నాయకుడు ఈ మూడింటిలో ఒక్కటీ చేయడు. ఆయనకు రేపు అదే స్టేషనులో మరో పని ఉంటుంది.

వకీలు, వకాలతు అన్న మాటలు అరబీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగు కోర్టులలోకి వచ్చాయి. ఒకరి పనిని మరొకరి చేతికి అప్పగించడమే వకాలత్. ఫిఖహ్‌లో దీనికి ప్రత్యేక అధ్యాయమే ఉంది, మదరసాలో హిదాయా చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. హజ్రత్ అలీ (ర) తమ వ్యాజ్యాలలో మొదట అన్న అఖీల్‌ను, ఆ తర్వాత అబ్దుల్లా బిన్ జాఫర్‌ను వకీలుగా నిలబెట్టారని ఆ గ్రంథాలు ఉదాహరిస్తాయి. అంతటి వక్తే తన తరఫున మరొకరిని నిలబెట్టుకున్నప్పుడు మనకు నామోషీ ఎందుకు? ‘వకీలును పెడితే పోలీసులకు కోపం వస్తుంది’ అని మహల్లాలో హితవు చెప్పే పెద్దలను మేము చూశాము. కోపం రావచ్చు. అయితే వకీలు లేని వాడి మీద దయ చూపిన దాఖలాలు కూడా పెద్దగా లేవు.

ఇక చిన్న పట్టణపు అసలు చిక్కు దగ్గరికి వద్దాము. అక్కడ ఉండేది కొద్దిమంది వకీళ్ళు. వారు, సబ్ ఇన్‌స్పెక్టరు, ప్రభుత్వ వకీలు ఒకే హోటల్లో టీ తాగుతారు. పోలీసుల మీద ప్రైవేటు కేసు వేయమంటే చాలామంది మొహమాటపడతారు. ఊరిలో గొడవ జరిగిన తర్వాతైతే ‘ఫలానా ముద్దాయిల కేసు ఎవరూ తీసుకోవద్దు’ అని బార్ అసోసియేషన్లు తీర్మానించిన సందర్భాలు దేశంలో ఎన్నో ఉన్నాయి. కోయంబత్తూరు బార్ అసోసియేషన్ ఇలాగే చేసినప్పుడు 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఎ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో, అలాంటి తీర్మానాలేవీ చెల్లవని తేల్చిచెప్పింది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ తీర్మానం పోలీసులకు వ్యతిరేకంగా చేసింది. వకీళ్ళకూ పోలీసులకూ ఘర్షణ జరిగితే పోలీసుల తరఫున ఎవరూ వాదించకూడదని నిర్ణయించారు. పోలీసుకైనా సరే వకీలు ఉండాలన్నది న్యాయస్థానం మాట. మీ పట్టణంలో ఎవరైనా తీర్మానం సాకు చూపిస్తే ఈ తీర్పు పేరు చెప్పండి. మనసులేని వకీలును తీర్పు బలంతో ఒప్పించి లాభం లేదనుకోండి, కాని ఒప్పుకోవాలని ఉండీ జంకుతున్నవాడికి అది ఆసరా అవుతుంది.

అలాంటివాణ్ణి గుర్తుపట్టడం ఎలా? ఒక పూట కోర్టు హాలులో వెనక బల్ల మీద కూర్చోండి. కోర్టు అందరికీ తెరిచే ఉంటుంది. రిమాండు ఖైదీలను తెచ్చినప్పుడు ఎవరు లేచి మాట్లాడుతున్నారో, ఎవరు తలూపి ఊరుకుంటున్నారో రెండు మూడు రోజులలో తెలిసిపోతుంది. గొంతు పెద్దది కావడం గొప్ప కాదు. అడిగినది కాగితం మీద పెడుతున్నాడా అన్నది చూడాలి. ఆయన పాత కక్షిదారులను అడగండి. వాయిదాకు తానే వస్తాడా, జూనియరును పంపి ఊరుకుంటాడా? ఇంగ్లీషులో రాసిన పిటిషనును సంతకానికి ముందు తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపిస్తాడా? “ఇందులో గెలుపు కష్టం” అని చెప్పే ధైర్యం ఉందా? వారం రోజుల్లో విడిపిస్తానని మొదటి మాటలోనే హామీ ఇచ్చేవాడి దగ్గర జాగ్రత్త.

‘మనవాడు’ కావాలన్న పట్టుదల మంచిది కాదని కూడా చెప్పక తప్పదు. 1979లో బీహారు జైళ్ళలో శిక్షాకాలం కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గిపోయినవారి తరఫున సుప్రీంకోర్టుకు వెళ్ళినది కపిలా హింగోరానీ అనే మహిళా న్యాయవాది. పత్రికలో వ్యాసాలు చదివి, ఎవరూ అడగకుండానే ఆమె పిటిషను వేశారు. ఆ కేసుకు మాత్రం ఖైదీలలో ఒకరైన హుస్సైనారా ఖాతూన్ పేరు నిలిచిపోయింది. వేలాదిమంది విడుదలకు దారి తీసిన తీర్పు అది. మన రాష్ట్రాల సంగతే చూస్తే కె.జి. కన్నబిరాన్, గణితం అధ్యాపకత్వం వదిలి తర్వాత వకీలు అయిన కె. బాలగోపాల్ మతం చూసి వకాలతు పుచ్చుకున్నవారు కారు. వారిద్దరూ ఇప్పుడు లేరు, 2009లో ఒకరు, 2010లో మరొకరు వెళ్ళిపోయారు. నిసా సూరా 105వ ఆయతు అవతరించిన సందర్భాన్ని తఫ్సీర్ గ్రంథాలు ఎలా వివరిస్తాయో చదువుకున్నవారికి గుర్తుండే ఉంటుంది. దొంగతనం చేసిన తమవాణ్ణి కాపాడుకోవడానికి ఒక తెగవారు నేరాన్ని ఒక యూదుని మీదికి నెట్టబోతే, ఆ యూదుడు నిర్దోషి అని దివ్యవాణి తేల్చింది, ద్రోహుల పక్షాన వాదించరాదని హెచ్చరించింది. ఆ హెచ్చరిక మనకూ వర్తిస్తుంది. కుర్రవాడు తప్పు చేసి ఉంటే వకీలుకు అబద్ధం చెప్పవద్దు, వకీలు చేత అబద్ధం చెప్పించవద్దు. దోషికి కూడా దెబ్బలు తినకుండా న్యాయంగా విచారణ జరిపించుకునే హక్కు ఉంది, అది చాలు.

ఫీజు మాట దగ్గర మొహమాటం వద్దు. ఎంత, ఎన్ని విడతలు, బెయిలు వరకా కేసు ముగిసేవరకా అన్నది ముందే ఒక కాగితం మీద రాయించుకుని, ఇచ్చిన ప్రతిసారీ రశీదు అడగండి. నష్టపరిహారం వస్తే అందులో ఇంత శాతం అనే ఒప్పందం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. మోటారు ప్రమాదాల కేసులలో ఇది మామూలైపోయిందని ఒప్పయిపోదు. ఫీజు బాకీ ఉందని కేసు కట్ట ఇవ్వకుండా పట్టుకునే హక్కు కూడా వకీలుకు లేదు. 2000 సంవత్సరంలో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టం చేసింది. ‘పైవాళ్ళకు ఇవ్వాలి’ అని ఎవరైనా వేరుగా డబ్బు అడిగితే అది ఫీజు కాదు, లంచం. అక్కడితో లేచి రావడం మేలు.

డబ్బు లేనివారికి ప్రభుత్వ న్యాయసహాయం ఉంది. 1987 నాటి చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులోకి వచ్చింది. దాని 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ముస్లింలు అన్న వర్గం ఆ జాబితాలో లేదు, కాని మన తల్లులు, చెల్లెళ్ళు అందరూ స్త్రీల కింద వస్తారు. జైలులో ఉన్న కుర్రవాడు కస్టడీ కింద వస్తాడు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. దరఖాస్తు కోర్టు ఆవరణలోనే ఉన్న న్యాయసేవల కార్యాలయంలో ఇవ్వవచ్చు, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపుతారు. ఉచిత వకీలు అంటే పనికిరానివాడనే చులకన మనవారిలో ఉంది. అందరూ ఒకలా ఉండరు, నిజమే. డబ్బిచ్చి పెట్టుకున్నవారూ అందరూ ఒకలా ఉండరు.

మనిషి ఎక్కడ ఉన్నాడో కూడా చెప్పని పరిస్థితి వస్తే స్థానిక కోర్టు చాలదు, 226వ అధికరణం కింద హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయాలి. బోధన్ వారు హైదరాబాదు వెళ్ళాలి. ఆదోని వారికి 2019 జనవరి నుంచి హైకోర్టు అమరావతిలో ఉంది, ఒక రాత్రి ప్రయాణం. అందుకే ఊరి వకీలును ఎంచుకునేటప్పుడే “హైకోర్టులో మీకు తెలిసినవారు ఎవరు?” అని అడిగి పెట్టుకోవాలి. ఒకప్పుడు ఇలాంటి వేళ టెలిగ్రాములు కొట్టేవారు, దాని మీది గంట, నిమిషం సాక్ష్యంగా నిలిచేవి. 2013 జూలైలో తంతి సేవ మూతపడింది. ఇప్పుడు ఈమెయిలు మీద పడే సమయమే ఆ పని చేస్తుంది. చదువుకున్న పిల్లవాడు ఇంటికొకడు ఉన్నాడు కదా, ఎస్.పి. కార్యాలయం చిరునామా ఫోనులో రాసి పెట్టుకోమనండి.

మసీదు కమిటీల వారికి ఒక మాట. ఫ్యాన్లకు, తివాచీలకు చందా వసూలు చేయడంలో మీకు అనుభవం ఉంది. అలాగే న్యాయసహాయానికి ఒక చిన్న నిధి పెట్టండి. అందులో జకాత్ వాడవచ్చా లేదా అన్నది మీ ముఫ్తీ సాహెబును అడగండి, సదఖాకు మాత్రం ఏ అడ్డూ లేదు. లెక్క గోడ మీద అంటించండి. ముగ్గురు వకీళ్ళ పేర్లు, ఫోను నంబర్లు దాని పక్కనే రాయండి, వారిలో ఒకరైనా మహిళ ఉండేట్టు చూడండి. మన అమ్మాయిలు లా కాలేజీలలో చదువుతున్నారు. పట్టా చేతికి రాగానే ‘కోర్టు వాతావరణం మంచిది కాదు’ అని ఇంట్లో కూర్చోబెడుతున్నాము. అబ్బాయిలేమో సీనియరు దగ్గర మొదటి రెండు మూడేళ్ళు చేతికి ఏమీ రాదని నగరానికి వెళ్ళిపోతున్నారు. ఆ నిధిలోంచి పట్టణంలోనే ప్రాక్టీసు పెట్టే ఒక అమ్మాయికో అబ్బాయికో నెలకు బస్సు చార్జీలు, పుస్తకాల ఖర్చు ఇవ్వగలిగితే, ఆ పంక్చర్ల దుకాణం తల్లి లాంటివారు రాత్రి పదకొండింటికి తలుపు తట్టడానికి ఒక ఇల్లు ఉంటుంది.