నర్సు కావాలంటే 35 ఏళ్లు దాటకూడదా?

మెయిన్స్‌లో ఆరోగ్య రంగంపై ప్రశ్న వస్తే మనలో చాలామంది రాసే జవాబు ఒకటే: నర్సుల కొరత ఉంది, కాలేజీలు పెంచాలి. 2023లో కేంద్ర కేబినెట్ రూ.1,570 కోట్లతో 157 కొత్త నర్సింగ్ కాలేజీలకు ఆమోదం తెలిపిందని ఒక పాయింట్ కలుపుతాం. కానీ ఆ తలుపులు ఎవరికి మూసి ఉన్నాయో ఎప్పుడైనా చూశారా?

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ ప్రవేశాలకు గరిష్ఠ వయసు 35. జీఎన్ఎంలో ఏఎన్ఎంలకు మినహాయింపు ఉంది, మిగతావారికి లేదు. మరోవైపు, నీట్ యూజీకి ఉన్న గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు. అంటే 40 ఏళ్ల వ్యక్తి డాక్టరు చదువు మొదలుపెట్టొచ్చు, నర్సు చదువు మాత్రం మొదలుపెట్టకూడదు! 14వ అధికరణ కింద వర్గీకరణకు సహేతుకమైన ఆధారం ఉండాలని పాలిటీలో చదువుకున్నాం. ఇక్కడ ఆ ఆధారం ఏది?

ఇంకో వైరుధ్యం చూడండి. ఆశా కార్యకర్తల ఎంపికకు మార్గదర్శకాలు చెప్పే వయసు 25 నుంచి 45. గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి, పిల్లలకు టీకాలు వేయించడానికి 40 ఏళ్ల మహిళ పనికొస్తుంది. ప్రోత్సాహకాల మీద పనిచేయడానికి అడ్డురాని వయసు, నర్సుగా రిజిస్టరై జీతం తీసుకునే చదువుకు ఎందుకు అడ్డొస్తోంది?

అమెరికాలో ఇదే మహిళకు కమ్యూనిటీ కాలేజీ ఉంది. అక్కడ 1950లలో మొదలైన అసోసియేట్ డిగ్రీ నర్సింగ్ రెండేళ్ల కోర్సు. పిల్లల్ని పెంచినవారు, వేరే ఉద్యోగం చేసినవారు కూడా చేరుతుంటారు. ముందు అనాటమీ, మైక్రోబయాలజీ వంటి సబ్జెక్టులు గట్టెక్కాలి, సీటుకు పోటీ కూడా ఉంటుంది. కానీ చివర రాసేది నాలుగేళ్ల డిగ్రీవారు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షే. వడపోత అర్హతతో జరుగుతుంది, పుట్టిన తేదీతో కాదు. మన యూజీసీ కూడా 2013లో కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చింది. పేరు వచ్చింది గానీ, నర్సుగా రిజిస్టరయ్యే దారి దానితో రాలేదు.

"పెద్ద వయసువారికి సీటిస్తే ప్రభుత్వ ఖర్చు వృథా" అంటారు. లెక్క వేయండి. 38 ఏళ్లకు జీఎన్ఎంలో చేరితే మూడేళ్ల తర్వాత 41. అరవై ఏళ్లవరకు 19 ఏళ్ల సేవ. ఇది వృథానా? "నైట్ డ్యూటీలు చేయలేరు" అంటారు. మరి 41 ఏళ్లు దాటిన నర్సులు ఇప్పుడు వార్డుల్లో రాత్రిళ్లు చేస్తున్నది ఏమిటి?

వయోపరిమితి ఎత్తేస్తే చాలదు. ఇల్లు నడిపే మనిషి మూడేళ్లు సంపాదన లేకుండా చదవలేదు. కాబట్టి స్టైపెండ్ కావాలి, థియరీకి సాయంత్రం తరగతులు కావాలి. క్లినికల్ శిక్షణ గంటల్లో మాత్రం ఒక్కటీ తగ్గించకూడదు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చారు. కొత్త చట్టం కింద పాత అడ్డుగోడను మళ్లీ కట్టకూడదు.

వయోపరిమితి దాటిపోతుందన్న భయం మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. సివిల్స్‌లో జనరల్ అభ్యర్థికి 32 ఏళ్లు అనగానే రోజులు లెక్కపెట్టుకునే మనం, 36 ఏళ్ల మహిళ బాధను అర్థం చేసుకోలేమా? ఈసారి జవాబులో "సీట్లు పెంచాలి" దగ్గర ఆగకండి. "35 ఏళ్ల పరిమితి ఎత్తేయాలి" అని కూడా రాయండి.