యాడి గొంతుకు ‘డర్ట్’ ఎందుకు భియా?



పోస్టు పొడుగే. ఓపిక లేనోళ్లు లైక్ కొట్టి పోవచ్చు. పాటలు చేసే పిల్లలు మాత్రం ఆఖరిదాకా చదవాలె, ఎందుకంటే ఈ లొల్లి మీతోనే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తండాల నుంచి ఇప్పుడు పాటలు మస్తు వస్తున్నయి. తీజ్ పాటలు, సీత్లా పాటలు, పెళ్లి పాటలు, వాటి మీద డీజే రీమిక్సులు. ఒక చిన్న రూము, గోడలకి పరుపులు, ఒక మైకు, లాప్‌టాప్‌ల ఎఫ్ఎల్ స్టూడియో. సామాను ఇంతే. హైదరాబాద్ పోకుండ, ఎవని గడప ముందర నిలబడకుండ మన పాట మనమే చేసుకుంటున్నం. ఇది మనకి గర్వమే. మా కోపం దాని మీద కాదు. ఆ పాటలల్ల మన ఆడోళ్ల గొంతుల మీద ఎక్కిస్తున్న నకిలీ టేపు మీద, నకిలీ ట్యూబు మీద.

తెల్వనోళ్ల కోసం కొంచెం వివరంగ చెప్తం. పాతకాలం టేపు రికార్డరైనా, ట్యూబు ఆంప్లిఫయరైనా తన శక్తికి మించిన సౌండు వస్తే ఉన్నదున్నట్టు మోయలేదు. అల శిఖరం నొక్కుకుపోతది. అట్ల నొక్కుకుపోయినప్పుడు అసలు సౌండుల లేని కొత్త స్వరాలు పుడ్తయి. 1000 హెర్ట్జ్ లోపలికి పంపితే దాని వెంట 2000, 3000 కూడా బయటికొస్తయి. వాటిని హార్మోనిక్స్ అంటరు. కొంచెం అయితే సాచురేషన్, ముదిరితే డిస్టార్షన్. ఆ పాత మిషన్ల గుణాన్ని లెక్కలు కట్టి సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేవే ఈ ప్లగిన్లు. డికాపిటేటర్, సాటర్న్, జె37 టేపు, ఈ పేర్లు మీకు తెల్సినవే. పైసలు లేనోళ్లకి ఎఫ్ఎల్‌లనే బ్లడ్ ఓవర్‌డ్రైవ్, ఫాస్ట్ డిస్ట్ ఉన్నయి.

నంగారా మీద వాడండి, మేం చప్పట్లు కొడ్తం. ఎందుకంటే అక్కడ అది నిజంగనే పని చేస్తది. నంగారా దెబ్బల ఉండే లోతు సౌండుని ఫోన్ స్పీకరు పలికియ్యలేదు. అంత చిన్న స్పీకరుకి ఆ తాకత్ లేదు. సాచురేషన్ ఇస్తే ఆ దెబ్బకి పైన హార్మోనిక్స్ వస్తయి, ఫోను వాటిని పలికిస్తది, వాటిని బట్టి కింద ఉన్న దెబ్బని మన చెవి తనంతట తనే ఊహించుకుంటది. మన జనం పాట వినేది ఎక్కువగ ఫోన్లనే కాబట్టి ఇది తెలివైన పని. కంచు పళ్లెం మోత మీద, బేస్ మీద కూడా చూసి వాడొచ్చు.

కానీ పది మంది ఆడోళ్లు గుంపుగ పాడే పాట సంగతి వేరు. ఇద్దరి గొంతులు ఎప్పుడూ ఒక్క తీరుగ ఉండయి. ఒకామె 300 హెర్ట్జ్ దగ్గర, ఇంకొకామె 330 దగ్గర పాడుతున్నరనుకోండి. ఆ రెండూ కలిసి ఒకే డిస్టార్షన్ల పోతే ఒక్కో గొంతు హార్మోనిక్స్‌తో పని అయిపోదు. రెండూ కొట్లాడి 30, 270, 360, 630 దగ్గర కొత్త సౌండ్లు పుట్టిస్తయి. ఆ స్వరాలు ఆ ఇద్దరిల ఎవ్వరూ పాడలేదు. ఇద్దరికే ఇట్లుంటే పది మందికి లెక్క వేసుకోండి. వరుస వెనక ఏదో గరగర, తేనెటీగల రొద లాంటిది వినొస్తది కదా, అది ఇదే. దానికి ‘నేచురల్ గ్రిట్’ అని పేరు పెట్టుకొని మురుస్తున్నం.

ఇంకొకటి ఉంది. డిజిటల్ రికార్డింగుకి ఒక హద్దు ఉంటది. 44,100 సాంపిల్ రేటు అయితే 22,050 హెర్ట్జ్ దాకనే. ప్లగిన్ దానికి మించిన హార్మోనిక్ పుట్టిస్తే అది మాయం కాదు, మడత పడి కిందికి వస్తది. ‘స’ పలికేటప్పుడు వచ్చే 9000 హెర్ట్జ్ సౌండుని తీసుకోండి. దాని ఐదో హార్మోనిక్ 45,000. అది మడత పడి 900 దగ్గర, సరిగ్గ గొంతు నడిమిట్ల వచ్చి కూసుంటది. పాటకి, దానికి ఏ చుట్టరికం లేదు. దీన్ని తగ్గించనీకే ఓవర్‌సాంప్లింగ్ బటన్ ఇచ్చిన ప్లగిన్లు చాలా ఉన్నయి. దాన్ని నొక్కితే లాప్‌టాప్ ఆగుతదని భయపడి చాలామంది నొక్కరు.

ఇది మనకి ఎందుకు అంత ముఖ్యం? ఇంగ్లీషు పాటల రెండు మాటలు చెదిరితే లిరిక్స్ గూగుల్ల దొరుకుతయి. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఎనిమిదో షెడ్యూల్ల చోటు కోసం ఇంకా అడుగుతనే ఉన్నం. తెలుగు అక్షరాలల్ల రాసుకుంటే సగం పలుకుబడి అక్కడనే పోతది. మన మాట బతికేది నోట్లె, చెవిల. ఊపిరి ఒత్తి పలికే అక్షరాలు మనకి మస్తు. ఆ చిన్న ఊపిరిని గరగరల కలిపేస్తే మాటకి మాటకి తేడా ఎట్ల తెలుస్తది? సూర్యాపేట హాస్టల్ల పెరుగుతున్న పిల్లకి ఆ పాటే పుస్తకం.

అన్నిటికంటె ఎక్కువ దెబ్బ ఢావ్లోకి. పెళ్లయి పోయే పిల్ల తల్లిని, అక్కలని పట్టుకొని ఏడ్చుకుంట పాడే పాట అది. గొంతు లేచి, విరిగి, ఊపిరి అందక ఆగి, మళ్ల మాట దొరకపుచ్చుకుంటది. ఆ ఎత్తు పల్లాలల్లనే దాని ప్రాణం. సాచురేషన్ ఏం చేస్తది? ఎత్తుని నొక్కి, పల్లాన్ని పైకి తెస్తది. ఏడుపు, మాట, ఊపిరి అన్నీ ఒక్క మట్టంగ వస్తయి. అంత సదును చేసినంక అది ఏడుపెట్ల అయితది?

“అట్ల చేస్తేనే ట్రైబల్ ఫీల్ వస్తది” అని ఒక మాట తిరుగుతున్నది. మన పిల్లల నోటనే విన్నం. ట్రైబల్ అంటే మసక, మురికి, పాతబడ్డది అని ఎవడు చెప్పిండు? ప్రీసెట్ పేర్లు చూడండి: వార్మ్, వింటేజ్, డర్టీ. జె37 అసలు మిషన్ లండన్ అబ్బే రోడ్ స్టూడియోల ఉండేది. 1967ల బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బం దాని మీదనే రికార్డు చేసిండ్రు. ఆ ప్లగిన్ అమ్మేది ఆ స్టూడియో జ్ఞాపకాన్ని. వాళ్లకి అది బాల్యం కావచ్చు. మన అవ్వలు ఆ మిషన్ మొఖం చూసినోళ్లు కాదు. ఏ టేపు మీద లేని పాటకి టేపు పాతదనం అతికించుడు ఏంది? వాళ్ల గొంతు ఇవ్వాళ బతికున్న గొంతు. ఎదురుంగ కూసొని వింటే కంచు లెక్క ఖణేల్‌మంటది.

“అంటే మేం ఎప్పుడూ మ్యూజియం లెక్కనే ఉండాల్నా? డిస్టార్షన్ మా హక్కు కాదా?” అని అడిగేటోళ్లు ఉన్నరు. మంచి ప్రశ్న. జవాబు అమెరికాల ఉంది. తనది అక్కడి షానీ మూలవాసి కుటుంబమని చెప్పుకున్న లింక్ రే అనే గిటారిస్టు ఆంప్లిఫయర్ స్పీకరుకి పెన్సిల్‌తోని పొక్కలు పొడిచి ‘రంబుల్’ అనే పాట చేసిండు. 1958ల వచ్చింది. ఒక్క మాట లేదు దాంట్ల, అయినా గొడవలు రేపుతదని కొన్ని రేడియోలు ఆపేసినయి. గరగర గిటారుని లోకానికి వినిపించినోళ్లల్ల ఆయన ముందు వరుసల ఉంటడు. కాబట్టి డిస్టార్షన్ పరాయిదని మేం అనం. అయితే లింక్ రే చింపింది తన స్పీకరు, వాయించింది తన గిటారు. మిక్స్ అయినంక వినిపించకుండనే అప్‌లోడ్ చేసే పాటల పాడిన అవ్వ నిర్ణయం ఎక్కడుంది?

మా దగ్గర ఒక ఘోరం జరిగింది. పేర్లు వద్దు. ఈ మూడు ఊర్లల్ల ఒక స్టూడియోల ముగ్గురు పెద్దమనుషులతోని పాటలు పాడించినం. చేతికొచ్చింది టేపు ప్రీసెట్ ఎక్కిన ఎంపీ3 ఒక్కటే. డ్రై ఫైలు ఇయ్యమంటే “డిలీట్ అయింది, డిస్కుల జాగ లేదు” అన్నరు. ఆ ముగ్గుర్ల ఒకామెకి ఇప్పుడు పాడే ఊపిరి లేదు. ఎంపీ3 నుంచి ఆ గరగరని తీసేసి ఆమె గొంతుని వెనక్కి తెచ్చే ప్లగిన్ మాకైతే దొరకలేదు.

జాగ లేదన్న మాట అసలు నిలబడదు. 24 బిట్, 48,000 సాంపిల్ రేటు, మోనో వేవ్ ఫైలు గంటకి 520 ఎంబీ దాటదు. 64 జీబీ పెన్‌డ్రైవ్‌ల వంద గంటలకు పైగ పడ్తది. ఒక తండా పాటలన్నీ ఒక్క జేబుల పడ్తయి.

గట్టిగ వినపడాల్నని డ్రైవ్ తిప్పేటోళ్లకి ఒక సంగతి. మరీ గట్టిగ ఉన్న పాట వాల్యూముని యూట్యూబ్ తనే తగ్గిస్తది. అప్పుడు మిగిలేది చదునైన గొంతే. ప్లగిన్ పెట్టంగనే బాగున్నట్టు అనిపించేది కూడా చాలాసార్లు సౌండు కొంచెం పెరిగినందుకే. ఔట్‌పుట్ తగ్గించి, ముందు ఎంత ఉండెనో అంతకే తెచ్చి, బైపాస్ నొక్కి, కండ్లు మూసుకొని వినండి. అప్పటికీ మంచిగుంటే ఉంచుకోండి, మేం ఏమనం.

మేం అడిగేది ఇది. గొంతులు పాడింది పాడినట్టు వేవ్ ఫైలుగ పాడినోళ్ల ఇంటికి చేరాలె, డబ్బులు కట్టేముందే ఈ మాట ఖాయం చేసుకోవాలె. మిక్స్ అయినంక పాడినామెకి వినిపియ్యాలె. ఆమె “ఇది నా గొంతు కాదు” అంటే ఆ ప్లగిన్ తీసెయ్యాలె. రీమిక్స్ ఎంతైనా చేసుకోండి, అసలు పాట కూడా పక్కన అప్‌లోడ్ చేయండి.

శ్రావణంల తీజ్ ఉంది. తొమ్మిది రాత్రులు పాటలే. మీ తండాల ఎవరు రికార్డు చేస్తున్నరో, డ్రై ఫైలు ఎవరి దగ్గర ఉంటదో తండా పేరుతోని కింద కామెంట్ల రాయండి. పెన్‌డ్రైవ్ లేదన్నోళ్లకి మేం పంపిస్తం.

జై సేవాలాల్.